పాడైన ప్రోటీను ఎవరిది?

మా డిపార్ట్‌మెంటు వాళ్లు వార్షికోత్సవ సంచిక వేస్తూ నన్ను ఒక పేజీ రాయమన్నారు. ప్రభాకరం గారికి నాలుగు పేజీలిచ్చారు. ఆయన ఫొటో కూడా వేస్తున్నారట. నేను ఒక పేజీలో ఇమడనని చెప్పి మానుకున్నాను. ఇది ఆ సంచికకు కాదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం విడిగా రాస్తున్నాను. ప్రమోషన్ల ఊసు ఎత్తను. వాటిలో నాకు జరిగినవి రాస్తే అదొక్కటే ఒక పుస్తకం అవుతుంది.

రాజమండ్రిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల ప్రోటీన్ల మీద పనిచేశాను. తొంభైల మొదట్లో మొదలుపెట్టాను. ప్రభాకరం గారు నాతోపాటే చేరారు. పక్క బల్ల ఆయనది. కిటికీ ఉన్న బల్ల.

మేము చేసిన పని

వరికి పట్టే ఎండాకు తెగులు మన ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆకు అంచు నుంచి ఎండుతూ లోపలికి వస్తుంది. దానికి కారణం ఒక బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియాను చంపే వైరస్‌లు కూడా అదే చేలో నీళ్లలో ఉంటాయి. ఆ నీళ్లు వడకట్టి, గాజు పళ్లెంలో పొరలా పెంచిన బ్యాక్టీరియా మీద చల్లితే, మర్నాటికి ఆ పొరలో అక్కడక్కడ గుండ్రటి ఖాళీలు ఏర్పడతాయి. వైరస్ ఉన్నచోట బ్యాక్టీరియా చచ్చి, పళ్లెం అడుగు కనిపిస్తుంది.

మా వైరస్ ధవళేశ్వరం దిగువన, కాలువ పక్క చేలో దొరికింది. మోకాలి లోతు బురదలో దిగి సీసా నింపింది నేను. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడింది ప్రభాకరం గారు. ఆయనేమో కోనసీమ రైతుబిడ్డ, నేను పెనుగొండలో కొట్టు వెనక పుట్టినవాణ్ణి. అయినా దిగింది నేనే. ఆ రోజు కాలికి జలగ పట్టింది కూడా నన్నే.

వైరస్‌కు ఒక తల, ఒక తోక ఉంటాయి. తల అంటే ప్రోటీన్లతో కట్టిన పెట్టె. అందులో దాని జన్యు పదార్థం చుట్టచుట్టుకుని ఉంటుంది. తోక చివర సన్నటి పోగులుంటాయి. ఆ పోగు కొసన ఉన్న ప్రోటీను బ్యాక్టీరియా ఒంటి మీద తనకు సరిపడే చోటు వెతికి పట్టుకుంటుంది. అది పట్టుకుంటేనే మిగతాదంతా జరుగుతుంది. పక్కనే ఉన్న వేరే జాతి బ్యాక్టీరియాను తాకను కూడా తాకదు. ఒకదాన్ని ఎందుకు పట్టుకుంటుంది, ఇంకోదాన్ని ఎందుకు వదిలేస్తుంది అన్న రహస్యం ఆ కొస ఆకారంలో ఉంటుంది. ఆ ఆకారాన్ని లోకంలో అందరికన్నా ముందు నేను చూడాలి. ఈ ఉద్యోగంలో నేను కోరుకున్నది అదొక్కటే.

దానికి సూక్ష్మదర్శిని చాలదు. ప్రోటీనును పటికబెల్లం గడ్డకట్టినట్టు స్ఫటికం కట్టించాలి. అంటే కోట్ల అణువులు ఒకే భంగిమలో, వరసగా నిలబడాలి. ఆ స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు వేసి, ఫిల్ము మీద పడిన మచ్చల నుంచి లెక్కగట్టి ఆకారం తీస్తారు. చెప్పడం ఇంత తేలిక. చాలా ప్రోటీన్లు ఎంత బతిమాలినా స్ఫటికం కట్టవు. స్ఫటికం కోసం పెట్టిన ప్రోటీను చుక్క అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది.

రోజువారీ పని మాత్రం ఐసు దగ్గర మొదలయ్యేది. ప్రోటీను వేడి తగిలితే పాడవుతుంది, మాకు చల్లటి గది లేదు. చేపల వాళ్లకు ఐసు అమ్మే ఫ్యాక్టరీకి సైకిలు మీద వెళ్లి గోనెలో చుట్టించుకుని తెచ్చేవాణ్ణి.

"రొయ్యలకా అండీ, చేపలకా?" అని అడిగాడు అక్కడి మనిషి మొదటిసారి.

"ప్రోటీనుకి."

"అది సముద్రంలో దొరుకుద్దా అండీ, గోదాట్లోనా?"

ధవళేశ్వరం దగ్గర అన్నాను. నిజమే కదా.

నెయ్యి కొట్టు బుద్ధి

నాన్నగారిది నెయ్యి వ్యాపారం. పల్లెల నుంచి డబ్బా వస్తే గరిటెలో కాస్త కాచి, వాసన చూసి, ముంజేతి మీద రుద్దుకునేవారు. ఏమాత్రం అనుమానం తగిలినా డబ్బా మొత్తం వెనక్కి పంపేసేవారు. "పైన బాగానే ఉంది కదండీ, అడుగునే కాస్త తేడా" అని తెచ్చినవాళ్లు మొత్తుకున్నా వినేవారు కాదు. కల్తీలో కొంచెం, ఎక్కువ అని ఉండవని ఆయన లెక్క. ఊళ్లో మా కొట్టుకు ఆ పేరుండేది.

నేను ప్రయోగశాలకు తెచ్చుకున్నది ఆ బుద్ధే. వైరస్ జన్యువును మామూలు బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత మా ప్రోటీనును తయారు చేయించి, ఆ బ్యాక్టీరియాను పగలగొట్టి, అందులోని వేలరకాల సరుకు నుంచి మాకు కావలసినదాన్ని విడదీయాలి. చివర జెల్ మీద, అంటే ఒక్కో ప్రోటీను ఒక్కో గీతగా విడిపోయే మెత్తటి పలక మీద, పరీక్షిస్తే ఒకే ఒక్క నీలం గీత కనపడాలి. రెండో గీత నీడలా కనిపించినా నేను మొత్తం పారబోసేవాణ్ణి. మా హెడ్ భాస్కరరావు గారు బయటి నుంచి ఎవరొచ్చినా నా జెల్ చూపించి, "ఇదీ శుద్ధి అంటే" అనేవారు. చూపించేటప్పుడు నా పేరు చెప్పేవారు కాదు, మా డిపార్ట్‌మెంటు అనేవారు.

బెంగళూరులో ఒక పెద్ద సంస్థలో స్ఫటికాల పని నేర్పడానికి మా కాలేజీ నుంచి ఒకరిని పంపమన్నారు. నేను పెట్టె సర్దుకున్నంత పని చేశాను. భాస్కరరావు గారు పిలిచి కూర్చోబెట్టారు.

"మీరెళ్లిపోతే ఇక్కడ ప్రోటీను ఎవరు తీస్తారండీ గుప్తా గారూ?"

"వచ్చాక తీస్తానండి."

"ప్రభాకరాన్ని పంపుదాం. ఆయన ఇక్కడ ఉన్నా ఏం చేస్తాడు చెప్పండి?"

నన్ను మెచ్చుకుంటున్నానని ఆయన నిజంగానే అనుకున్నారు. కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. ఒకే పనిలో మీ అంతవాళ్లు లేరనిపించుకున్నారా, ఇక మిమ్మల్ని ఆ బల్లకు కట్టేస్తారు. పని రానివాళ్లు ఊళ్లు తిరిగి, విద్య నేర్చుకుని, సూటు వేసుకుని వస్తారు.

ప్రభాకరం గారు అలాగే వచ్చారు. ఆయన్ని చెడ్డవాడని ఎవరూ అనలేరు, అదే నాకున్న ఇబ్బంది. క్యాంటీన్‌లో అడుగుపెడితే పదిమంది జరిగి చోటిస్తారు. ఇంటి నుంచి కొబ్బరి లౌజు తెచ్చి అందరికీ పంచుతారు. నేనూ తిన్నాను. బాగుంది. గ్లాసు చేతిలోంచి జారిపడి పగిలినా నవ్వుతారు. అదే గ్లాసు నా చేతిలో పగిలితే మా హెడ్ గారు ఆ నెలంతా అడిగేవారు.

తుఫాను

నేను ప్రోటీను తీసివ్వడం, ఆయన గాజు పలకల కింద చుక్కలుగా వేలాడదీయడం, అందులో మడ్డి పేరుకోవడం. ఇలా చాలాకాలం నడిచింది. ఆయనకు చేతకాలేదని నేననుకున్నాను. పైకి అనలేదు. ఆయన మాత్రం పైకే అన్నారు: "ప్రోటీను మరీ మడి కట్టుకుందండి, ఎవరితోనూ కలవట్లేదు." ఆ మాటకు మొదట నవ్వింది భాస్కరరావు గారే.

ఒక ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. స్తంభాలు పడిపోయి ఊరంతా కరెంటు పోయింది. జనరేటరుకు డీజిలు దొరకలేదు. ఐసు ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. కరెంటు వచ్చాక ఫ్రిజ్ తెరిస్తే నా గొట్టాలు గోరువెచ్చగా ఉన్నాయి. పెద్దాపురం నుంచి వచ్చి మా దగ్గర పరిశోధన చేస్తున్న సుజాత జెల్ నడిపి తెచ్చింది.

"సార్, కింద ఇంకో గీత కనిపిస్తోందండి."

"ఇంకోటేంటమ్మా, సగం సరుకు అక్కడే ఉంది. ప్రోటీను తెగిపోయింది. పారబొయ్యి."

ప్రభాకరం గారు తన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చారు. "అదేంటండీ గుప్తా గారూ, అంత కష్టపడి తీసి పారబోస్తారా? నాకిచ్చెయ్యండి, చుక్కలు పెట్టుకుంటాను."

"పాడైపోయిందండి అది."

"పోన్లెండి. పుచ్చు వంకాయ కూర తిన్నవాళ్లు చచ్చిపోయారా ఏంటి?"

గదిలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "పట్టుకెళ్లండి. కల్తీ సరుకు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు," అన్నాను.

ఆ మాటను ఆయన తర్వాత వెళ్లిన ప్రతి సదస్సులోనూ చెప్పారు. నా గొంతు కూడా అనుకరించేవారట.

చుక్కలో మెరిసింది

సంక్రాంతి సెలవులైన తర్వాత ఒక ఉదయం ఆయన సూక్ష్మదర్శిని దగ్గర గుంపు చేరింది. నన్ను పిలవలేదు. సుజాత వచ్చి చెప్పింది. వెళ్లి చూశాను. చుక్క మధ్యలో స్ఫటికాలు నిలబడి ఉన్నాయి. అంచులు కోసినట్టున్నాయి, నీళ్లంత స్వచ్ఛంగా ఉన్నాయి. అంత అందమైన వస్తువు నా జీవితంలో చూడలేదు. దాని పక్కన ఆ మనిషి నిలబడి ఉన్నాడు.

ఎందుకు కట్టిందో చెబుతాను, ఎందుకంటే ఇది మీకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మా ప్రోటీనుకు ఒక చివర పొడుగాటి చెయ్యి లాంటి భాగం ఉంది. వైరస్‌లో ఉన్నప్పుడు అది తోకకు బిగిసి ఉంటుంది. విడిగా తీస్తే దానికి ఆధారం లేదు, ఎటుపడితే అటు ఊగుతుంది. ఊగేవాటిని వరసలో నిలబెట్టలేం. నేను ఎంత శుద్ధి చేసినా, ప్రోటీన్లను కోసే ఎంజైము, దాన్ని తయారుచేసిన బ్యాక్టీరియా నుంచి రవ్వంత వెంట వచ్చేసింది. అది చలిలో పడుకుంటుంది, వెచ్చదనం తగిలితే లేస్తుంది. తుఫానులో అది లేచి, ఊగుతున్న చేతిని నరికేసింది. గట్టిగా ముడుచుకుని ఉన్న కొస దానికి లొంగలేదు. ఆ కొసలే బుద్ధిగా వరస కట్టాయి.

అంటే నేను గొప్పగా చూపించుకున్న ఒంటి గీత ప్రోటీనే స్ఫటికానికి అడ్డం. పారబొయ్యమన్నదే అసలు సరుకు. ఇందులో నేర్చుకోవలసిందేమిటో నాకు తెలుసు: తెగిందని పారేసే ముందు, తెగి మిగిలిందేమిటో అడగండి. చెప్పాను. కానీ దీన్ని ఆయన కనిపెట్టాడని మాత్రం ఎవరూ నాతో అనొద్దు. ఆయన అడుక్కున్నాడు, అంతే.

అప్పుడు నేను ఒక పని చేశాను. ఆ తెగిన ముక్క ఎందుకూ పనికిరానిదని రుజువు చేయాలనుకున్నాను. స్ఫటికం కడితే కట్టింది, అది బ్యాక్టీరియాను పట్టుకోలేకపోతే అదొక పెంకుముక్క. ఆయన ఆనందం అక్కడికి ఆగిపోతుంది. ఆయన వాడగా మిగిలిన పాడైన ప్రోటీనును బ్యాక్టీరియాతో కలిపి కొంతసేపు ఉంచి, ఆ తర్వాత వైరస్ వేశాను. ముక్క పనిచేయకపోతే వైరస్ ఎప్పటిలాగే బ్యాక్టీరియాను చంపి ఖాళీలు చేయాలి.

మర్నాడు పళ్లెం తీసి వెలుతురుకు పట్టుకున్నాను. ఖాళీలు లేవు. పొర నిండుగా పెరిగి ఉంది. వైరస్ పట్టుకోవలసిన చోట్లన్నిట్లో ముందే మా ముక్కలు కూర్చున్నాయి. దానికి కాలు పెట్టే జాగా దొరకలేదు. కొస ఒక్కటే చాలు, చెయ్యి లేకపోయినా అది తన పని తాను చేస్తుంది. ఆ ప్రోటీను గురించి మా ప్రయోగశాలలో తేలిన ముఖ్యమైన సంగతి అదే. అది తేల్చింది నేను, ఆయన్ని పడగొట్టడానికి చేసిన ప్రయోగంలో. ఆ పళ్లెం పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన లేచి నన్ను కావలించుకున్నారు. అదొకటి.

మళ్లీ పాడుచెయ్యండి

ఒక్క విడత స్ఫటికాలతో ఆకారం రాదు. పాదరసం లాంటి బరువైన లోహం పట్టించినవి వేరేగా కావాలి, పోల్చి లెక్కగట్టడానికి. అసలు సరుకు అయిపోయింది. ప్రభాకరం గారు నా దగ్గరికి వచ్చారు.

"మళ్లీ పాడుచేసి పెట్టాలండి గుప్తా గారూ."

"నాకు పాడుచెయ్యడం రాదండి."

"భలేవారే! మీ అంత బాగా ఇంకెవరు పాడుచేస్తారండీ?"

నేను చెయ్యనన్నాను. భాస్కరరావు గారు పిలిచి చెప్పారు. పరీక్ష పేపర్లు దిద్దాలన్నాను. పరిశోధన పత్రంలో పేర్ల వరస ఆయన అప్పటికే నిర్ణయించేశారు. ముందు ప్రభాకరం, చివర ఆయన, లెక్కలోకి వచ్చే చోట్లు ఆ రెండే, మధ్యలో సుజాతా నేనూ. బురదలో దిగినవాడు మధ్యలో. ఆ వరస మారుస్తారా అని అడిగాను. "మీ అంతటివారికి పేరేంటండీ," అన్నారు. నేను వెళ్లి పేపర్లు దిద్దుకున్నాను.

ప్రభాకరం గారు తానే ప్రోటీను తీసి, వెచ్చగా పెట్టి చూశారు. ఆయన శుద్ధి ఎలాంటిదో తెలుసు కదా. కోసే ఎంజైములు గంపెడు మిగిలిపోయి చేతితోపాటు కొసను కూడా తినేశాయి. జెల్ మీద గంజి ఒలికినట్టు మరక. మళ్లీ తీశారు, మళ్లీ గంజి. నేను నా బల్ల దగ్గర్నుంచి చూస్తూ ఉండేవాణ్ణి. మొదట్లో ఎంతో హాయిగా ఉండేది. తర్వాత తర్వాత నిద్ర పట్టేది కాదు. అది నా ప్రోటీను. పాడవడం కూడా సరిగ్గా పాడవ్వాలి కదా. నా చెయ్యి శుభ్రంగా ఉండబట్టే తుఫానులో ఆ కోత ప్రోటీను చేతి దగ్గర ఆగింది. ఆ సంగతి గదిలో ఎవరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన బల్ల దగ్గరికి వెళ్లాను.

"చేస్తాను. కానీ ఒక షరతు."

"చెప్పండి."

"మీ పేరే ముందు ఉండనివ్వండి. ఆకారం వచ్చినప్పుడు మాత్రం ముందు నేను చూడాలి. మీరు కూడా చూడకూడదు."

"అంతేనా అండీ?" అన్నారాయన, హాయిగా.

అంతేనా! నేను ఇన్నేళ్లు కోరుకున్నది ఆయనకు అంతేనా. ఒప్పుకున్నందుకు సంతోషించాలో, ఆ మాటకు గొడ్డలి పట్టుకోవాలో తెలియలేదు.

ఎప్పటిలాగే ఒంటి గీత వచ్చేదాకా శుద్ధి చేసి, నా బల్ల మీద వెచ్చగా ఉండనిచ్చి, మాటిమాటికీ కాస్త కాస్త తీసి జెల్ మీద చూస్తూ, చెయ్యి తెగి కొస మిగిలిన చోట ఐసులో ముంచి ఆపాను. పెనుగొండ నెయ్యి కొట్టువాడి కొడుకు కావాలని సరుకు పాడుచేశాడు. చాలా శ్రద్ధగా పాడుచేశాను. ఆ విడతలో వచ్చినంత పెద్ద స్ఫటికాలు మొదటిసారి కూడా రాలేదు.

బెంగళూరు గది

స్ఫటికాలు పట్టుకుని ఆయనా సుజాతా బెంగళూరు వెళ్లారు. ఎండలు ముదిరాక కబురు వచ్చింది, లెక్క పూర్తయింది రమ్మని. రైలు ఎక్కాను. దారి పొడుగునా నాకు ఖాయంగా తెలిసిన సంగతి ఒక్కటే: ఆయన ముందే చూసేసి ఉంటాడు. చూసేసి, చూడలేదని నవ్వుతూ చెబుతాడు. నేను అనవలసిన మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. అందులో కొన్ని గొడుగు నాటివి.

సుజాత గేటు దగ్గరికి వచ్చింది. నమస్కారం కూడా పూర్తవ్వకముందే అడిగాను.

"ప్రభాకరం గారు చూశారా?"

"లేదండి. మీరు వచ్చేదాకా తెర మీద వెయ్యొద్దన్నారండి."

"నిజం చెప్పమ్మా."

"నిజమేనండి. ఆ గదిలోకే రాలేదండి. వరండాలో కాఫీ తాగుతూ కూర్చుంటున్నారు. ఇక్కడివాళ్లందరూ నవ్వుతున్నారండి, ఏంటీ మనిషి అని. నన్నూ చూడనివ్వలేదు."

ఆ అమ్మాయికి అబద్ధం చెప్పడం రాదు. నేను రైల్లో కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఇంతమంది చేత అన్యాయం చేయించుకున్నాను కానీ, ఇలా ఎవరూ చెయ్యలేదు. ఫిర్యాదు చేయడానికి కూడా మిగల్చకుండా మాట నిలబెట్టుకున్నాడు. దీన్ని నేను ఇంకా క్షమించలేదు.

గది చీకటిగా, చల్లగా ఉంది. కంప్యూటరు ముందు ఒకే కుర్చీ. ఆకారాన్ని లోతుతో సహా చూడాలంటే ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకోవాలి. అవి లేకుండా చూస్తే తెర మీద ఒకదాని మీద ఒకటి పడిన గీతల గందరగోళమే. ఆ గదిలో కళ్లద్దాలు ఒక్క జతే ఉన్నాయి. ప్రభాకరం గారు వాటిని చొక్కా అంచుతో తుడిచి నాకిచ్చారు.

"కూర్చోండి గుప్తా గారూ. మీ సరుకే."

కూర్చున్నాను. సుజాత మీట నొక్కింది. చీకట్లోంచి అది నా వైపు వచ్చింది. మూడు పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని, పురి తిరిగి, కిందికి వచ్చి, చివర గట్టిగా ముడిపడ్డాయి. మీట తిప్పితే అది తిరిగింది. ముడి అడుగున, పోగూ పోగూ కలిసే చోట ఒక గుంట ఉంది, బ్యాక్టీరియా ఒంటి మీద ఇది పట్టుకునే చక్కెర అణువు ఒదిగేటంత. మరెవరికీ అందులో చోటు లేదు. నా పళ్లెంలో ఖాళీలు ఎందుకు రాలేదో అక్కడ కనిపిస్తోంది. ధవళేశ్వరం బురదలో ఇది ఎంత కాలం నుంచి ఉందో. ఇంతవరకూ ఏ మనిషీ చూడలేదు.

మళ్లీ తిప్పాను. పైనుంచి చూశాను. అడుగు నుంచి చూశాను.

వెనక ఆయన నిలబడి ఉన్నారు. సుజాత ఒకసారి దగ్గింది. ఎంతసేపైందో తెలియదు.

"ఎలా ఉందండీ?" అన్నారు ప్రభాకరం గారు. ఆ గొంతులో మొదటిసారి ఆత్రం వినిపించింది.

నేను మీట ఇంకో వైపు తిప్పాను.

"ఆ కళ్లద్దాలు ఒకసారి ఇస్తారా అండీ?"

"కాస్త ఆగండి," అన్నాను. "ఇంకా నేను చూడటం అవ్వలేదు."